ముద్ర వేరు, జాడ వేరు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి, నా గొంతు అంత దూరం రాదు.

రేపు తెల్లవారుజామున మీలో చాలామంది మొదటిసారి నల్లమలలోకి అడుగుపెట్టబోతున్నారు. జువాలజీ చదువుతున్నారు కాబట్టి జంతువుల పేర్లు, ఎముకలు, పళ్ల లెక్క నాకన్నా మీకే బాగా తెలుసు. కానీ రేపు మీకు జంతువు కనిపించకపోవచ్చు. అడవిలో పది రోజులు తిరిగితే తొమ్మిది రోజులు అంతే. కనిపించేది అది నడిచిన నేల. ఆ నేల చదవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు.

నేను అటవీశాఖలో బీట్ గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఎక్కువ భాగం ఆత్మకూరు వైపు అడవిలోనే గడిచింది. నాకు తెలిసినదాంట్లో సగానికి పైగా ఒక చెంచు తాత దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఇప్పుడు లేరు. చిన్నప్పుడు విల్లంబులు పట్టి, కుక్కల్ని వెంటేసుకుని తిరిగిన మనిషి. నాకు నేర్పేనాటికి వేట లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. నేను ఇవాళ ఎవరికీ వేట నేర్పడం లేదు. అయితే జాడ చదివే విద్య వేటగాడిది. దాన్ని వేటగాడి నుంచి విడదీసి, ఎవరో ప్రొఫెసరు కనిపెట్టినట్టు చెప్పడం నాకు చేతకాదు.

మన భాషలోనే చూడండి. 'జాడ తెలియలేదు' అంటాం. 'ఆనవాలు దొరికింది' అంటాం. 'విషయం పసిగట్టాడు' అని రోజూ పేపర్లో చదువుతాం. పసి అంటే జంతువు ఒంటి వాసన. కుక్క గాలిలో ముక్కు పెట్టి పట్టుకునేది అదే. ఇక్కడికి దగ్గర్లోనే అహోబిలంలో కనుమ రోజు మొదలై సుమారు నలభై రోజులు స్వామి పారువేటకు బయల్దేరతాడు, ఊరూరా తిరుగుతాడు, చెంచులు పల్లకి మీద బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి వాళ్లకు ఆయన అల్లుడు. దేవుడు కూడా అడవి దారి చెంచుల ద్వారానే తెలుసుకున్న ప్రాంతం ఇది.

ఇక అసలు సంగతి. ముందు ముద్ర గురించి చెబుతాను, అది తేలిక.

పిల్లి జాతికి గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అందుకని పులి, చిరుత ముద్రల్లో నాలుగు వేళ్లు, వెనక అరికాలి మెత్త ఒకటి కనిపిస్తాయి, గోళ్ల గీతలు ఉండవు. రేచుకుక్క, నక్క, దుమ్ములగొండి అయితే గోళ్లు పడతాయి. పిల్లి జాతి మెత్తకు వెనకవైపు మూడు వంపులుంటాయి, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. నాలుగు వేళ్లూ ఒకే వరసలో ఉండవు, మన మధ్యవేలులాగే ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. అది మధ్యగీతకు ఎడమవైపు ఉంటే కుడికాలు, కుడివైపు ఉంటే ఎడమకాలు. ముందుకాలి ముద్ర పెద్దది, వెనకకాలిది చిన్నది. మగపులి వెనకకాలి ముద్ర కొంచెం చతురస్రంగా, ఆడపులిది కొంచెం పొడుగ్గా, వేళ్లు సన్నగా ఉంటాయి.

ఎలుగుబంటి వెనకకాలి ముద్ర చూసి మొదట్లో అందరూ మోసపోతారు. అచ్చం మనిషి ఒట్టికాళ్లతో నడిచినట్టే ఉంటుంది. కానీ మనకు బొటనవేలు పెద్దది, ఎలుగుకు అయిదు వేళ్లూ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, వాటి ముందు కొంత దూరంలో గోళ్ల గీతలు పడతాయి. దగ్గర్లో తవ్విన పుట్ట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అడవిపంది గిట్ట మొద్దుగా ఉంటుంది, వెనక రెండు చిన్న గిట్టల గుర్తులు పక్కలకు జరిగి పడతాయి. చుక్కల దుప్పిది సన్నగా, మొన తేలి ఉంటుంది. కణుజు, అంటే సాంబర్ జింకది అదే ఆకారం, బాగా పెద్దది.

ఇదంతా పుస్తకంలో దొరుకుతుంది. బొమ్మలు కూడా ఉంటాయి. ఇంతవరకు నేర్చుకుని నాకు జాడ చదవడం వచ్చేసిందనుకున్న రోజు ఒకటుంది, అది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. వర్షాలు వెనకబట్టాయి. కుంట గట్టు మీద బురదలో ఒక ముద్ర చూశాను. నా చెయ్యి పెడితే అరచెయ్యంతా అందులో ఇమిడిపోయింది. టేపు పెట్టి కొలిచాను, నోట్‌బుక్‌లో గీశాను, మగ పెద్దపులి అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రం తాతకు చూపించాను. ఆయన నోట్‌బుక్ వంక చూడనే లేదు. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది సామీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున్నే నన్ను అదే కుంటకు తీసుకెళ్లి, ఆ ముద్ర వైపు నుంచి గట్టు దిగి, గడ్డి దాటి, బండ్లబాట వరకు నడిపించారు. రెండు వందల అడుగులు ఉంటుందేమో. బాట మీద అరంగుళం మందాన మెత్తటి దుమ్ము. అందులో అదే జంతువు, అవే కాళ్లు. ముద్ర సగానికి సగం తగ్గిపోయింది. చిరుత. బురదలో కాలు జారి, వేళ్లు విచ్చుకుని, అంచులు కూలి ముద్ర ఉబ్బింది. నేను ఆ ఒక్క ముద్ర దగ్గరే ఆగిపోయాను.

అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ముద్ర వేరు, జాడ వేరు సామీ. ముద్ర ఒక్కటే ఉంటే అది అబద్ధం కూడా ఆడుతుంది." వేటగాడు ఒక్క ముద్ర నమ్ముకుని పరిగెత్తితే ఆ రాత్రి ఇంట్లో పిల్లలు పస్తు. నేను తప్పు రాస్తే నాకు ఏమీ కాలేదు, జీతం వచ్చేసింది. అందుకే ఆయన చదువు అంత నికార్సుగా ఉంది, నాది అంత తేలిగ్గా ఉంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇదే పొరపాటు దేశం మొత్తం మీద కూడా జరిగింది. 1966లో ఒడిశాకు చెందిన సరోజ్ రాజ్ చౌధురీ అనే అటవీ అధికారి పులి పాదముద్రలతో లెక్కపెట్టే పద్ధతి తయారుచేశారు. ముద్ర మీద గాజు పలక పెట్టి గీసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయడం, ఎడమ వెనకకాలిని ప్రమాణంగా తీసుకోవడం. 1972లో దేశమంతా లెక్కపెడితే 1,827 పులులని తేలింది, మరుసటి ఏడు పులుల రక్షణకు ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. మన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో అందులో చేరింది. చౌధురీగారు అడవిలో బతికిన మనిషి, ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ పద్ధతి కిందకు దిగేసరికి ఏమైందంటే, అచ్చులన్నీ సంచుల్లో ఆఫీసుకు వచ్చేవి, అక్కడ బల్ల మీద పరిచి ఇది ఫలానా పులి, ఇది ఇంకో పులి అని తేల్చేవాళ్లు. ఒకే పులి ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా, దిగుడులో ఒకలా అడుగు వేస్తుంది. బాట నుంచి పీకేసిన ముద్రకు ఆ సంగతి చెప్పడం రాదు. 2004 చివరికి రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని బయటపడింది. కాగితాల మీద మాత్రం అవి అంతవరకూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత చెట్లకు కడితే తమంతట తామే ఫొటోలు తీసే కెమెరాలు వచ్చాయి, చారలను బట్టి పులిని గుర్తుపడతారు. 2006 లెక్కలో 1,411 అన్నారు. ఆ 1,827నీ ఈ 1,411నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, లెక్క తీసిన తీరే వేరు.

కెమెరా మంచిదే. నేనూ చెట్లకు కట్టించాను. కానీ ఇవాళ్టికీ నాలుగేళ్లకోసారి జరిగే లెక్కలో మొదటి దశ కాలినడకే. బీటులో, అంటే ఒక గార్డు కాపలా కాసే అడవి ముక్కలో, అయిదేసి కిలోమీటర్ల బాటలు నడిచి ముద్రలు, మలం, గోకిన గుర్తులు రాసుకుంటాం. కెమెరా ఎక్కడ కట్టాలో కూడా జాడ చూసే నిర్ణయిస్తాం. జాడ చదవలేనివాడు కట్టిన కెమెరాలో గాలికి ఊగే గడ్డి ఫొటోలే వస్తాయి.

జాడ ఎప్పటిది అనేది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దానికి ఒక్క సూత్రం లేదు. మంచు కురిసిన రోజు దుమ్ము మీద సన్నటి చుక్కల పొర ఏర్పడుతుంది, ముద్ర లోపల కూడా ఆ చుక్కలుంటే మంచుకు ముందు పడింది, లేకపోతే తర్వాత. అంచు కత్తితో కోసినట్టుంటే కొత్తది, గాలికి, ఎండకు కూలుతూ వస్తుంది. ఆకు తిరగబడి తడి వైపు పైకి ఉంటే ఇంకా ఎండ తగల్లేదు. ముద్రలో సాలెగూడు కట్టి ఉంటే ఎప్పటిదో. ముద్ర అడ్డంగా సన్నటి కుట్టు వేసినట్టు పురుగు నడిచిన గీత ఉంటే, ఆ పురుగు రాత్రి తిరిగేదైతే, జంతువు అంతకు ముందే వెళ్లిందన్నమాట. రెండు జంతువుల ముద్రలు ఒకదాని మీద ఒకటి పడితే, మీదది తర్వాతది. ఇంత చిన్న సంగతి చాలామంది చూడరు. తాత ఉదయం, సాయంత్రమే నన్ను చదవమనేవారు. అప్పుడు ఎండ ఏటవాలుగా పడుతుంది, ముద్రలో నీడ నిలుస్తుంది. ముద్ర మీకూ సూర్యుడికీ మధ్యన ఉండేలా నిలబడాలి. మిట్టమధ్యాహ్నం అదే ముద్ర కళ్ల ముందే మాయమవుతుంది.

ఒక పొద్దు చెబుతాను. ఏప్రిల్ నెల, ఇప్పపూలు రాలే కాలం. బైర్లూటి వైపు ఎండిన వాగు. ఇసుకలో చెలమ ఒకటే మిగిలింది, చుట్టుపక్కల ప్రాణులన్నీ అక్కడికే రావాలి. తెల్లారి అయిదున్నరకు చేరాం. తాత వాగులోకి దిగనివ్వలేదు. గట్టు మీదే కూర్చోబెట్టి, గుప్పెడు దుమ్ము పైనుంచి వదిలి గాలి ఎటు పోతోందో చూశారు. తర్వాత అంచు వెంబడి నడుస్తూ, చేతిలో పుల్లతో చూపిస్తూ వచ్చారు.

చెలమ చుట్టూ చుక్కల దుప్పుల గిట్టలు, తొందర లేకుండా, దగ్గర దగ్గరగా. సాయంత్రం నీళ్లు తాగి పోయినవి. వాటిని తొక్కుతూ పెద్దపులి పాదాలు. అంటే తర్వాత వచ్చింది. పులి పాదం మీద పురుగు గీత. అంటే రాత్రి ఇంకా ఉండగానే వచ్చింది. వెనకకాలి ముద్ర ముందుకాలి ముద్రను దాటి ముందుకు పడుతోంది, అడుగులు బార్లు, సమానంగా. "దీనికి ఇక్కడ పని లేదు, దారిన పోతోంది" అన్నారు. ఇరవై అడుగులు పోయాక మారిపోయింది. అడుగు పొట్టిదైంది. వెనకకాలు సరిగ్గా ముందుకాలి గుంటలోనే పడుతోంది, కొలిచి పెట్టినట్టు. తర్వాత ఒక నేరేడు పొద వెనక ఇసుకలో పొట్ట ఆనిన గుర్తు, మోచేతులు ఆనిన రెండు గుంటలు. తోక అటూ ఇటూ ఊపిన చాలు కూడా ఉంది. నేను వంగి చూశాను. దాని ఒంటి వెంట్రుక ఒకటి ఇసుకలో అంటుకుని ఉంది.

పొద ముందు నాలుగు పాదాలూ ఒకచోట కుప్పగా పడి, ఇసుక వెనక్కి ఎగిరింది. ఎదురుగా దుప్పి గిట్టలు రెండుగా విచ్చుకుని, వెనక చిన్న గిట్టలు కూడా దిగి, పరుగు. ముప్ఫై అడుగులు రెండు జాడలూ కలిసి నడిచాయి. ఆ తర్వాత గిట్టలు గట్టెక్కి పోయాయి. పులి పాదాలు మళ్లీ మామూలు నడకలోకి వచ్చాయి. ఎక్కడా రక్తం చుక్క లేదు, ఈడ్చిన చాలు లేదు.

తాత పుల్ల కింద పడేసి, "దొరకలా. రాత్రంతా ఇది పస్తే" అన్నారు. సొంత మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. పులికి ఎక్కువసార్లు వేట దొరకదని పుస్తకాల్లో నేను తర్వాత చదివాను. ఆ పొద్దు దాన్ని నేను కళ్లారా చూసినట్టే, పులిని చూడకుండానే. ఇది ఏ అచ్చులోనూ రాదు.

కళ్లే కాదు, ముక్కు, చెవులు కూడా కావాలి. పులి తన గుర్తుగా చెట్టు మీదకు ద్రవం చిమ్మిన చోట గాలి ఆగితే బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన వస్తుంది. మొదటిసారి నాకు ఆకలి వల్ల అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. బాస్మతికి ఆ వాసన ఇచ్చే పదార్థమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉందని కోల్‌కతా శాస్త్రవేత్తలు తేల్చారు. చెంచులకు ఆ వాసన ఎప్పటినుంచో తెలుసు. ఇక చెవులు. కొండముచ్చు చెట్టు మీద నుంచి దగ్గినట్టు అరుస్తుంది, దుప్పి సన్నగా ఈల వేసినట్టు కూస్తుంది. ఈ రెండింటికన్నా కణుజు అరుపు నమ్మదగ్గది, అది వాసన తగిలితేనో కంటపడితేనో గానీ ఊరికే అరవదని ఇక్కడి మాట. అరుపు విన్నప్పుడు పరిగెత్తకండి. ఎటువైపు జరుగుతోందో వినండి, అదీ జాడే.

వేటగాళ్ల విద్యలో ఇంకో అధ్యాయం ఉంది, రక్తం. గుంపుగా కూర్చున్నచోట చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా చెబుతాను, ఎందుకంటే మాకు అదే ఎక్కువ పనికొచ్చింది. ఎర్రగా నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, జంతువు దూరం పోదు. చిక్కగా నల్లగా ఉంటే కాలేయం. పచ్చటి పసరు కలిసి, మేత తునకలు కనిపిస్తే పొట్టకు తగిలింది. పాతకాలం వేటగాళ్లు బాణం తగిలాక వెంటనే పరిగెత్తేవాళ్లు కాదు, కూర్చునేవాళ్లు. తరిమితే గాయంతోనే కోసుల దూరం పోతుంది, వదిలేస్తే దగ్గర్లో పొదలో పడుకుంటుంది. మాకు ఈ ఓపిక ఉచ్చు తెంపుకుని పోయిన జంతువుల్ని వెతికేటప్పుడు అక్కరకొచ్చింది. డాక్టరును తీసుకురావడానికి గంటలు పడుతుంది, ఈలోగా దాన్ని తరిమి చంపకుండా ఉండాలి కదా.

ఉచ్చుల గురించి వచ్చింది కాబట్టి. ఉచ్చు వేసేవాడూ జాడ చదివేవాడే, మరిచిపోకండి. పంది ఏ సందులోంచి చేనులో దూరుతుందో వాడికి తెలుసు. బైకు క్లచ్ వైరుతో సందులో ముడి వేస్తాడు. కొన్నిచోట్ల కరెంటు తీగ లాగుతారు, దానికి పందే కాదు, పులి పడుతుంది, తెల్లారి పొలానికి పోయే రైతు కూడా పడతాడు. వీటిని పట్టుకోవాలంటే జంతువు జాడతో పాటు మనిషి జాడ చదవాలి. ఒకసారి దుప్పుల బాట పక్కన తాత ఆగిపోయారు. నాకేమీ కనిపించలేదు. మోకాలెత్తున ఒక కొమ్మ విరిగి ఉంది, విరుపు ఇంకా తెల్లగా ఉంది. "దుప్పి తింటే కొన ఊడుతుంది, ఇది చేత్తో వంచిన విరుపు" అన్నారు. అక్కణ్ణుంచి పది బారల్లో మూడు ఉచ్చులు దొరికాయి. ఒకదాంట్లో కుందేలు, అప్పటికే చచ్చిపోయింది. తాత దాన్ని విప్పి, మట్టి కప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాకు బాధ ఎక్కడంటే, ఈ విద్య ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. రక్షణ క్యాంపుల్లో చెంచు యువకులు వాచర్లుగా పనిచేస్తున్నారు, చాలా గట్టి పిల్లలు. కానీ వాళ్ల నాన్నలకు తెలిసినంత వాళ్లకు తెలియదు, వాళ్ల పిల్లలకు ఇంకా తక్కువ తెలుస్తుంది. హాస్టల్లో చదువుకోవాలి, చదువుకోవాల్సిందే. అయితే ఎండాకాలం సెలవుల్లో పెంటలో, అంటే తమ చెంచుగూడెంలో, తాత వెంట వాగులోకి దిగడం కూడా చదువేనని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. మీరు రేపు అడవిలో వాచర్లతో నడుస్తారు. వాళ్లను గైడు అని, కూలీ అని అనుకోవద్దు. మీ మేడమ్‌ను అడిగినట్టు అడగండి, చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా రాసుకోండి.

రేపటి సంగతి చెప్పి వదిలేస్తాను. అయిదింటికి గేటు దగ్గర ఉండండి. సెంటు, పౌడరు వద్దు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ముద్ర దొరికితే ఫొటో తీసేయాలని టెన్షన్ పడకండి, ముందు దాని వెనక అయిదు అడుగులు, ముందు అయిదు అడుగులు వెతకండి, ఆ తర్వాత పక్కన స్కేలు పెట్టి తీయండి. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. బాట మధ్యలో ఎవరూ నడవొద్దు, అంచు వెంబడి ఒకరి వెనక ఒకరు రండి. నిన్న సాయంత్రం ఆ బాట మీద మా వాచర్లు చెట్టుకొమ్మతో దుమ్ము చదును చేసి వచ్చారు. రాత్రి దాని మీద ఎవరు నడిచారో మనం వెళ్లేసరికి అక్కడ రాసి ఉంటుంది.